మా ఆయన విసరని ఉప్మా ప్లేటు

ఏళ్ళ తరబడి ఒక ప్లేటు మోస్తున్నాను. చిన్నదే, ఉప్మా తినే ప్లేటు. దాని బరువెంతో, మోసిన నాకే తెలుసు.

పేరు చెప్పను. అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటానని మాత్రం చెబుతాను. ఇక్కడ ఏ వీధిలోకి వెళ్ళినా రెండు గుమ్మాలకైనా మామిడాకుల తోరణాలు కనిపిస్తాయి కాబట్టి అంతమాత్రాన నన్ను పట్టుకోలేరు. మీరెవరో నాకూ తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పాలంటే ఆ మనిషి మొహం చూస్తూ చెప్పాలి. అలా ఒక్కసారే చేశాను. ఆ సంగతీ చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ఇది ఏడుపు కథ కాదు. రాస్తుంటే నాకు నవ్వు వస్తోంది. తప్పు చేసినవాళ్ళు నవ్వకూడదేమో అనుకుని చాలాకాలం ఆ నవ్వు కూడా బిగబట్టుకున్నాను. ఇక నావల్ల కాదు.

తప్పు ఇదీ. మా ఆయన కోపిష్టి అని నేను అబద్ధం చెప్పాను.

ఎంత పెద్ద అబద్ధమో తెలియాలంటే మీకు మా ఆయన తెలియాలి. కారులో దారి చెప్పే ఆడగొంతు 'యూ టర్న్ తీసుకోండి' అంటే 'సరేనమ్మా' అని జవాబిచ్చే మనిషి. ఆఫీసులో సర్వర్ ఆగిపోయి కాల్‌లో అందరూ అరుస్తుంటే, ఈయన మాత్రం 'ముందు మంచినీళ్ళు తాగండి, తర్వాత చూద్దాం' అంటారు. పెళ్ళయిన కొత్తలో నేను రెండుసార్లు కావాలని కోపం తెప్పించి చూశాను. రాలేదు. నాకే విసుగొచ్చి మానేశాను.

అప్పటికి మేం ఈ దేశం వచ్చి కొన్నేళ్ళయింది. మా అమ్మాయి ఇంకా కారులో వెనక చిన్నపిల్లల సీట్లో కూర్చునేది. ఆ ఏడాది దేశాధ్యక్ష ఎన్నికలు. టీవీలో డిబేట్ ఉందంటే మా హాల్లో నాలుగు కుటుంబాలు చేరేవి. ఒక్కరికీ ఓటు లేదు. అందరివీ వీసా బతుకులే. ఓటు లేనివాళ్ళకే వాదన ఎక్కువ. అభ్యర్థి మంచినీళ్ళ గ్లాసు ఎలా పట్టుకున్నాడు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మొహం ఎలా పెట్టాడు, అడగని ప్రశ్నకు ఎందుకు ఉలిక్కిపడ్డాడు, అన్నీ మాకే కావాలి. "పాలసీలు ఎవరైనా రాసిస్తారు. మనిషి టెంపర్‌మెంట్ చూడాలండీ, టెంపర్‌మెంట్" అని మాలో ఒకాయన చేతిలో పకోడీ నలిగిపోయేలా అరిచేవాడు. మా ఆయన ఆయనకు ఇంకో పకోడీ ఇచ్చేవారు.

అదే ఊపులో మా ఊరి తెలుగు సంఘానికి కూడా కొత్త అధ్యక్షుణ్ణి చూడాల్సి వచ్చింది. మా సంఘంలో ఓటింగ్ ఉండదు. ఒకప్పుడు ఉండేదట, ఓట్లు లెక్కపెట్టేసరికి సంఘం రెండుగా చీలిందట. అప్పటినుంచి మాజీ అధ్యక్షులు ముగ్గురు కూర్చుని ఒక పేరు తేలుస్తారు. దీపావళి వేడుకలో ఆ పేరు చదువుతారు. అందరం చప్పట్లు కొడతాం. దాన్నే ఏకగ్రీవం అంటాం.

ఆ ఏడాది పెద్దలకు ఒక భయం పట్టుకుంది. దసరా వేడుకలో అప్పటి అధ్యక్షుడి ఉపన్యాసం మధ్యలో మైకు ఆగిపోయింది. ఆయనకు కోపమొచ్చి, స్టేజీ దిగి, గ్రీన్‌రూమ్‌కు తాళం పెట్టి, అది జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. లోపల అందరి చెప్పులు, కోట్లు, కారు తాళాలు. కూచిపూడి వేషాల్లో పిల్లలు పార్కింగ్‌లో నిలబడి పిజ్జా తిన్నారు. దాంతో పెద్దల నోటికి కూడా ఆ 'టెంపర్‌మెంట్' మాటే వచ్చింది. ఈసారి మనిషి స్వభావం చూశాకే పదవి అన్నారు.

స్వభావం ఎలా చూస్తారు? ఆ ముగ్గురిలో పెద్దావిడ సుభద్ర ఆంటీ. మగవాడి సంగతి మైకు ముందు తెలియదు, వంటింట్లో తెలుస్తుందని ఆవిడ తేల్చింది. అందుకని ఎవరి పేరు అనుకుంటే వాళ్ళ భార్యకు ముందు ఫోన్ చేయాలి. భర్తకు తెలియకూడదు. ఈ ఆనవాయితీ మా సంఘంలో ఆ ఏడాదే పుట్టింది. ఇప్పటికీ నడుస్తోంది.

మా ఆయన పేరు అనుకుంటున్నారని ఊళ్ళో అప్పటికే పొక్కింది. ఆయనకూ తెలిసింది. ఎంత సంబరమో. పైకి 'మనకెందుకులే' అనేవారు. గరాజ్‌లో కారు ఆపి, దిగకుండా కూర్చుని 'సభకు నమస్కారం' అని నాలుగు రకాలుగా అనుకునేవారు. తలుపు వెనక నిలబడి నేను వినేదాన్ని. నవ్వుకునేదాన్ని కూడా. పెట్టెలోంచి పట్టుపంచె తీసి ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కు తగిలించుకున్నారు.

అదే వారం నాకు ఉద్యోగం వచ్చింది. చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసులో. మీకు చిన్న విషయంలా అనిపించవచ్చు. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చుని, ఉద్యోగం చేసుకునే పర్మిట్ కోసం ఎదురుచూసి చూసి, నేను చదివిన చదువు నేనే మరిచిపోతున్న రోజులవి. జనవరిలో చేరాలి. సంఘం అధ్యక్షుడి పదవి కూడా జనవరిలోనే మొదలు. అధ్యక్షుడంటే ఆయన ఒక్కడే కాదు. గ్రీన్‌రూమ్ తాళం పట్టుకెళ్ళినాయన భార్య లలిత నాతో ఒకసారి అంది, ఆ ఏడాదంతా తన ఇల్లు సత్రమైపోయిందని, సొంత ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పెట్టుకోవడానికి చోటు లేదని. రిహార్సల్స్ మన హాల్లో. వంటలు మన వంటింట్లో. అలకలు తీర్చడం మన ఫోన్లో.

ఫోన్ వచ్చినప్పుడు నేను మా అమ్మాయి స్కూలు దగ్గర, పిల్లల్ని ఎక్కించుకునే కార్ల పికప్ లైన్లో ఉన్నాను. ముందు బండి కదిలితే నేను కదలాలి.

"అమ్మాయ్, ఒక్కదానివే ఉన్నావా?" అంది సుభద్ర ఆంటీ.

"ఉన్నానాంటీ."

"మీ ఆయన పేరు అనుకుంటున్నాం. పనిమంతుడు, మంచివాడు, అదంతా తెలుసు. నాకు ఒక్కటే చెప్పు. ఇంట్లో ఎలా ఉంటాడు? టెంపర్‌మెంట్ ఎలాంటిది?"

"ఏం చెప్పమంటారాంటీ," అన్నాను. అని ఆగాను. ఆ ఆగడం నేను ఆలోచించి చేసింది కాదు, దానంతట అదే బ్రహ్మాండంగా కుదిరింది. "కొంచెం కోపం ఎక్కువ."

"కొంచెమంటే?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాకు ఆ పొద్దున చేసిన ఉప్మా గుర్తొచ్చింది. ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన ఒక ముద్ద తిని, లేచి పెరుగు తెచ్చుకుని, కలుపుకుని, 'ఇలా కూడా బాగుందే' అని మొత్తం తినేసి ఆఫీసుకు వెళ్ళారు.

"ఇవాళ పొద్దున ఉప్మాలో ఉప్పెక్కువైందని ప్లేటు విసిరేశారాంటీ," అన్నాను.

"విసిరేశాడా?"

"గోడకేసి."

"అయ్యో తల్లీ. ఎంత గుట్టుగా లాక్కొస్తున్నావు. నేనెవరికీ చెప్పనులే," అంది. వెనక బండి హారన్ కొట్టింది. నేను ముందుకు కదిలాను.

దీపావళికి వేరే ఆయన పేరు చదివారు. మా ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి పంచె మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశారు. గరాజ్‌లో 'సభకు నమస్కారం' మళ్ళీ వినపడలేదు. కొన్నాళ్ళపాటు ఆయన కారు లోపలికి రాగానే తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. ఇంజిన్ ఆగేది, డోర్ వేసిన చప్పుడయ్యేది, ఆయన లోపలికి వచ్చేవారు.

ఎందుకు చేశాను? ఉద్యోగం కోసం అని మీకు చెబితే మీరు నా పక్షం వస్తారు. నాకూ నేను అదే చెప్పుకున్నాను. కానీ 'ఈ ఏడాది వద్దండీ, నాకు కష్టమవుతుంది' అని ఒక్క మాట అంటే ఆయన నవ్వుతూ మానుకునేవారు. అది నాకు ఖాయంగా తెలుసు. తెలిసీ అనలేదు. ఎందుకంటే అలా అంటే ఆపింది నేనవుతాను. సంబరపడుతున్న మనిషిని వద్దన్న భార్యనవుతాను. నాకు ఆయన ఆగిపోవాలి, నేను మాత్రం మంచిదాన్నిగా మిగలాలి. ఆ రెండూ కావాలంటే చెడ్డవాడు ఒకడు ఉండాలి కదా. ఇంట్లో ఉన్నది ఆయనొక్కరే.

సుభద్ర ఆంటీ మంచి మనిషి, కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. సంక్రాంతి ముగ్గుల పోటీ నాటికి ప్లేటు కాస్తా గిన్నె అయింది. శ్రీరామనవమికి కుక్కర్ అయింది. కుక్కర్ మూత మాత్రమేనని ఒకావిడ నాకే సర్దిచెప్పింది.

ఇక ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా ఉప్మా లేదు. టిఫిన్‌కి పిలిస్తే ఇడ్లీ, పెసరట్టు, పూరీ, ఏదైనా ఉంటుంది, ఉప్మా తప్ప. మేం వస్తున్నామని తెలిసి ఒకింట్లో చేసిన ఉప్మాను బేసిన్ కింద అలమరలో దాచారు, వాసన నాకు తెలిసింది. ఉప్మా అంటే మా ఆయనకు ప్రాణం. "ఏమోయ్, ఈ ఊళ్ళో రవ్వ దొరకడం లేదా?" అని కారులో అడిగారు. నాకు పొలమారింది.

అన్నిటికంటే వింత పార్కింగ్. అధ్యక్షుడు కాకపోయినా సంఘం పని మానుకోలేదు ఆయన. ప్రతి వేడుకకు పచ్చరంగు మెరిసే జాకెట్ వేసుకుని బండ్లు సర్దే పని తీసుకున్నారు. అది మా సంఘంలో అందరూ పారిపోయే పని. ఎవరూ మాట వినరు, ఎక్కడపడితే అక్కడ ఆపేసి 'రెండే రెండు నిమిషాలు బాబాయ్' అంటారు. మా ఆయన చెయ్యి ఎత్తితే మాత్రం అందరూ ఆగేవారు. గీత దాటిన టైరు మళ్ళీ వెనక్కి వచ్చేది. పక్క సీట్లో ఉన్న భార్య 'ఆయనతో మనకెందుకు, సరిగ్గా పెట్టండి' అని గొణగడం నేనే విన్నాను. మా ఆయనకు అదేం తెలియదు. చెయ్యి ఎత్తడంలో ఒక పద్ధతి ఉందని, అరచేయి మెత్తగా పెట్టాలని, కళ్ళతో నవ్వాలని, మర్యాదగా చెబితే మనవాళ్ళు వినకపోవడమనేది ఉండదని నాకు పాఠం చెప్పేవారు. హాల్లో నిలబడి చేసి చూపించేవారు. అంత గర్వం ఆయన ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా నేను చూడలేదు. నేను తల ఊపేదాన్ని.

ఇంకొకటి ఒప్పుకోవాలి. ఇది ప్లేటు కంటే కష్టం. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసే చూపు మారింది. చెయ్యి పట్టుకుని నొక్కేవారు. 'నీ ఓర్పుకు దండం పెట్టాలి' అనేవారు. ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో నా వంతు గిన్నె నన్ను మోయనిచ్చేవారు కాదు. నేను కాదనలేదు. కళ్ళు దించుకుని చిన్నగా నవ్వేదాన్ని. ఆ నవ్వు నాకు బాగా వచ్చేసింది. అబద్ధం చెప్పింది ఒక్క క్షణం, కానీ దాని మీద వడ్డించిన జాలి ఇన్నేళ్ళుగా తిన్నాను. తియ్యగా ఉండేది. అది మాత్రం ఉద్యోగం కోసం చేశానని ఎలా చెప్పను?

మా అమ్మాయి బళ్ళో నాలుగైదు తరగతుల్లో ఉండగా ఒకరోజు వచ్చి, "అమ్మా, డాడీ నీ మీద కుక్కర్ త్రో చేశాడా? అందరి మామ్స్ అదే చెప్తున్నారు," అంది. లేదన్నాను. "నేనూ నో అన్నా. 'నీకు తెలీదు, నువ్వు బేబీ అప్పుడు' అన్నారు," అంది. తండ్రి తరఫున అది ఒక్కతే పోట్లాడి వచ్చింది. నేను పాలు కలిపిచ్చాను, ఇంకేమీ చెప్పలేదు.

ఇప్పుడు అదే పిల్ల కారు నడపడం నేర్చుకుంటోంది. మళ్ళీ దేశాధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. మళ్ళీ మా హాల్లో డిబేట్లు. మాకు ఇప్పటికీ ఓటు లేదు, గ్రీన్‌కార్డు లైన్లోనే ఉన్నాం. వాదన మాత్రం సిటిజన్లను మించిపోయింది. ఆ పకోడీ ఆయనే ఇప్పుడు, "టెంపర్‌మెంట్‌తో ఏం చేసుకుంటాం? గట్టిగా మాట్లాడేవాడు కావాలి," అంటున్నాడు. మా ఆయన మళ్ళీ పకోడీ ఇచ్చారు.

సుభద్ర ఆంటీ దగ్గర్నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి నేను ఆఫీసులో ఉన్నాను, బయటికి వెళ్ళి మాట్లాడాను. మెత్తటి అధ్యక్షులతో వాళ్ళకు ప్రాణం విసిగిపోయిందట. స్టేజీ ఎక్కినవాళ్ళు దిగడం లేదట, భోజనాలు చల్లారిపోతున్నాయట, ఎవరినీ ఎవరూ ఒక్క మాట అనడం లేదట. "ఈసారి కాస్త కోపమున్న మనిషే కావాలమ్మా. పార్కింగ్‌లో చూస్తున్నాంగా, మీ ఆయనంటే అందరికీ హడల్. ఆ కోపం ఇంకా ఉందా, వయసుతో తగ్గిపోయిందా, అది చెప్పు చాలు," అంది.

చూశారా నా తమాషా. ఉందంటే ఆయనకు పదవి వస్తుంది. నిజం చెబితే రెండోసారి కూడా నేనే పోగొట్టినదాన్నవుతాను. అబద్ధంతో తీసేసిన కుర్చీ అబద్ధంతోనే వెనక్కి ఇప్పిస్తే పోయేదేముంది అని నిజంగానే అనిపించింది. 'ఉందాంటీ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ కుర్చీలో కూర్చునేది మా ఆయన కాదు, నేను కల్పించినాయన. ఆ మనిషితో ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళు కాపురం చేశారు. ఆ కల్పించిన మనిషి నాకు మొహం మొత్తేశాడు.

చెప్పేశాను. ఆయనకు అసలు కోపమే రాదని, ప్లేటు విసరలేదని, ఆ ఉప్మా పెరుగు కలుపుకుని తిన్నారని, అంతా నేను అల్లానని. ఏళ్ళుగా ఎదురుచూసిన మాట అది.

ఆవిడ నవ్వింది. "ఓసి పిచ్చిపిల్లా. అప్పుడు నిజం చెప్పి ఆపావు, ఇప్పుడు అబద్ధం చెప్పి ఆపుదామనా? ఇల్లు సత్రమవుతుందని భయం కదూ? నాకు తెలియదా," అంది. నా దొంగతనం దొరికింది, కానీ అప్పుడు దొరకాల్సింది ఇప్పుడు దొరికింది. ఎంత చెప్పినా వినలేదు. మొగుడి కోపాన్ని తన మీద వేసుకునే ఇల్లాలు ఈ కాలంలో ఎక్కడుందని మళ్ళీ నన్నే పొగిడి ఫోన్ పెట్టేసింది.

ఆ సాయంత్రం ఆయనకు కబురు చేశారు. ఆయన పెట్టెలోంచి పంచె బయటికి తీశారు. గరాజ్‌లో కారు ఆగింది, డోర్ చప్పుడు కాలేదు. నేను తలుపు వెనకే ఉన్నాను. 'సభకు నమస్కారం.' కాస్త వయసొచ్చిన గొంతు, అదే సంబరం. నేను అక్కడే నిలబడి నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను. అంత సంతోషం నాకు దక్కాల్సింది కాదు, అయినా దక్కింది.

దీపావళి వేడుక రోజు పొద్దున ఉప్మా చేశాను. జీడిపప్పు, అల్లం, కరివేపాకు, ఉప్పు ఒక్కసారే. మా అమ్మాయి ఇంకా లేవలేదు. ఆయన పచ్చ జాకెట్ వేసుకునే కూర్చున్నారు, అధ్యక్షుడిగా పేరు చదివేది సాయంత్రం కదా, అంతవరకు పార్కింగ్ ఎవరు చూస్తారని. ఆయన సగం తిన్నాక ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. పికప్ లైన్ నుంచి మొన్నటి ఫోన్ దాకా. మీకు చెప్పినట్టు నవ్విస్తూ చెప్పలేకపోయాను. తప్పంతా చెప్పాను, కారణం చివర్లో చెప్పాను, జాలి తిన్న సంగతి కూడా దాచలేదు.

ఆయన స్పూను పక్కన పెట్టారు. పదవి గురించి అడుగుతారనుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతారనుకున్నాను. రెండూ అడగలేదు.

"అయితే పార్కింగ్‌లో వాళ్ళు ఆగేది," అని తన అరచేతిని చూసుకున్నారు, "నేను మర్యాదగా చెప్పినందుకు కాదా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను తీసుకున్నది కుర్చీ ఒక్కటే అనుకున్నాను. ఒక్క చిన్న అబద్ధం చెబితే ఆ చేతి మీద గర్వం ఆయనకు మిగులుతుంది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను.

"కాదండీ," అన్నాను.

ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత ప్లేటు చేతిలోకి తీసుకుని పైకి ఎత్తారు. ఆ క్షణం, నన్ను నమ్మండి, విసిరితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. గోడ కూడా చూసుకున్నాను. గోడ నేను కడుక్కుంటాను, ఉప్మా నేను ఎత్తుకుంటాను, నేను చెప్పింది ఇన్నాళ్ళకు నిజమవుతుంది, మాకిద్దరికీ చెల్లుకు చెల్లు.

ఆయన ప్లేటు నా ముందుకు చాచారు.

"ఇంకాస్త పెట్టు," అన్నారు, నా మొహం చూడకుండా.

పెట్టాను. అది క్షమించడమో, ఆకలో, నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తిని, ప్లేటు కడిగి బోర్లించి, పార్కింగ్‌కు వెళ్ళారు.